సున్నా పాయింట్ ఆరు

పెంచలమ్మ ఉప్పు చేతికివ్వదు.
కొడుంగైయూరు మేడమెట్టు మీద పొట్లం పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగి, తీసుకోమంది.
చేతికి చెయ్యి ఇస్తే తగువులొస్తాయంట.

"ఏందో మందు కలపతా ఉండారంటమే ఇందులో.
టపాకాయల్లో వేసేదానికి అన్నదమ్ముల వరసంట.
నా మనవడు ఫోన్లో చదివి వినిపిచ్చినాడు.
నువ్వు ల్యాబులో ఉంటావు గదా,
ఎంత విషముందో చూసి చెప్పు."

ఉప్పు గురించే ఉప్పందింది ఆవిడకి.
మనవడిది అబద్ధమూ కాదు,
క్లోరేటుకీ అయొడేటుకీ చుట్టరికం ఉంది.
వరస కలిసినంత మాత్రాన
అందరి జేబుల్లో అగ్గిపెట్టెలుండవు.

అంబత్తూరు ఎస్టేట్, రెండో అంతస్తు, నవంబరు ముసురు.
పది గ్రాములు తూచి నీళ్ళలో కలిపాను.
అడుగున ఒక ఇసుక రవ్వ,
మరక్కాణం నుంచో తూత్తుకుడి నుంచో
టిక్కెట్టు లేకుండా వచ్చేసింది.
ఆమ్లం ఒక మిల్లీలీటరు. పైన నా సీసాలోని అయొడైడు.
మూత పెట్టి, సొరుగులో, చీకట్లో పది నిమిషాలు.

లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు.
మూడు ఆక్సిజన్లను చంకనెత్తుకుని ఒక్క అయొడేటు.
ఎదురుగా అయిదు అయొడైడులు.
బరువు దించుకుంటారు,
ఆక్సిజన్లు నీళ్ళయిపోతాయి,
మిగిలిన ఆరుగురూ జంటలు కట్టి
పసుపు రంగులో బయటికొస్తారు.
ఆరింట్లో ఒక్కటే పెంచలమ్మది.
అయిదూ నా పెట్టుబడి.
ఎలక్ట్రాన్లకి ఆవిడ పట్టింపు లేదు,
చేతికి చెయ్యే ఇచ్చుకుంటాయి.

ఒంట్లో ఇంత హడావిడి ఉండదు.
వాకిట్లో చెప్పులు విడిచినట్టు
ఆక్సిజన్లను విడిచేసి
ఉత్త అయొడైడుగానే థైరాయిడ్ గడప తొక్కుతుంది.

మరి మొదటే అయొడైడు వెయ్యొచ్చుగా?
ఈ ఊళ్ళోనా?
తువ్వాలు ఆరదు, అప్పడం పావుగంట ఆగదు.
ఈ తేమలో అది అయొడినై ఎగిరిపోతుంది,
అయొడేటు మొండిది, ఇంకొంచెం కాలం కూర్చుంటుంది.

గ్రాముల కొద్దీ మింగినవాళ్ళకి చూపు పోయింది. అది దాచను.
కానీ మన ఉప్పులోంచి ఒక్క గ్రాము రావాలంటే
దగ్గర దగ్గర నలభై కిలోలు తినాలి.
అంతకు ఎంతో ముందే ఉప్పే చంపుతుంది.

సొరుగు తెరిచాను.
బియ్యం కడిగిన నీళ్ళకి
పసుపు చెయ్యి తగిలినంత.
అంతే.
గంజి చుక్క వేస్తే నీలం.
థయోసల్ఫేటు బొట్టు, బొట్టు, ఇంకో అర బొట్టు,
నీలం ఎటో పోయింది.
బ్యూరెట్ మీద సున్నా పాయింట్ ఆరు.
హెచ్చవేస్తే, పది లక్షల పాళ్ళలో ఆరు, కాస్త చిల్లర.
ఉండాల్సింది పదిహేను.
మళ్ళీ చేశాను.
మళ్ళీ అదే.

"ఎంతుందిమే?"
"చాల్లేదు పెద్దమ్మా."

పొయ్యి పక్కన మూతలేని జాడీ,
అడుగున వేలెడు నీళ్ళు.
ఆ తడితోనే దిగిపోయిందో
పొట్లం కట్టిన చోటే తక్కువేశారో
నా బ్యూరెట్ చెప్పదు.

ఆవిడ జాడీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.
"మా అక్కకి గొంతు కాడ వాపుండేది.
మెళ్ళో పూసలదండ రెండు తూర్లు పొడుగు చేసినారు.
మూడోతూరి అదే తీసేసింది.
ఇది లేకేనా?"

"అయ్యుండొచ్చు," అన్నాను.
అంతకు మించి అంటే అబద్ధమవుతుంది.

ఆదివారం కొత్త ఉప్పు,
బిర్రుగా మూత పట్టే సీసా తీసుకెళ్ళాను.
ఆవిడ చెయ్యి చాపబోయి ఆగింది.
నేనే మెట్టు మీద పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగాను.